టెక్సాస్‌లో వైద్యులను బీమా సంస్థల ప్యానెల్‌లో చేర్చడం: మొదటి కాగితం నుంచి మొదటి చెల్లింపు వరకు

టెక్సాస్ మెడికల్ బోర్డు నుంచి లైసెన్సు చేతికి వచ్చిన డాక్టరు మరుసటి రోజు నుంచే రోగులను చూడవచ్చు. కానీ ఆ రోగి బీమా సంస్థ నుంచి డబ్బు రావాలంటే లైసెన్సు ఒక్కటే చాలదు. డాక్టరు చదువు, శిక్షణ, లైసెన్సు, వెనకటి చరిత్ర అన్నింటినీ ప్రతి బీమా సంస్థ తన లెక్క ప్రకారం మళ్లీ పరిశీలించి, ఆమోదించి, తన నెట్‌వర్క్‌లో, అంటే ఒప్పందం ఉన్న డాక్టర్ల ప్యానెల్‌లో చేర్చుకోవాలి. ఈ పనినే క్రెడెన్షియలింగ్ అంటారు. పెద్ద ఆసుపత్రుల్లో దీనికి ప్రత్యేక విభాగం ఉంటుంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లలో మనవాళ్లు నడుపుతున్న చిన్న క్లినిక్‌లలో మాత్రం ఈ బాధ్యత ఆఫీసు మేనేజరు మీదనో, లెక్కలు చూసుకునే డాక్టరు గారి భార్య లేదా భర్త మీదనో పడుతుంది. ఈ మార్గదర్శి వారిని దృష్టిలో పెట్టుకుని రాసింది.

మూడు పనులు, మూడు వేర్వేరు తేదీలు

క్రెడెన్షియలింగ్ అనే ఒక్క మాట కింద మూడు పనులు కలిసిపోయి ఉంటాయి. వీటిని విడదీసి చూడకపోవడం వల్లే ఎక్కువ డబ్బు పోతుంది. మొదటిది అర్హతల పరిశీలన. సంస్థ డాక్టరు పత్రాలను మూల సంస్థలతో సరిచూసి, తన కమిటీ ముందు పెట్టి ఆమోదిస్తుంది. రెండోది కాంట్రాక్టు. ఏ సేవకు ఎంత చెల్లిస్తారో, ఏ ప్లాన్లలో డాక్టరు ఉంటారో తేల్చే ఒప్పందం ఇది. ఇప్పటికే కాంట్రాక్టు ఉన్న గ్రూపులో, అంటే వైద్యుల క్లినిక్‌లో, చేరుతున్న డాక్టరును ఆ ఒప్పందం కిందికే చేరుస్తారు. మూడోది లోడింగ్. ఆమోదం పొందిన డాక్టరును సరైన గ్రూపు, సరైన చిరునామా, సరైన ట్యాక్స్ నంబరు కింద క్లెయిములు చెల్లించే కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కించడం ఇందులోకి వస్తుంది.

కమిటీ ఆమోదించిన తేదీ, కాంట్రాక్టు మీద సంతకమైన తేదీ, నెట్‌వర్క్‌లో చేరినట్టు లెక్కించే తేదీ ఒకటే కానవసరం లేదు. ఈ చివరిదాన్నే ఎఫెక్టివ్ డేట్ అంటారు, చెల్లింపులన్నీ దాని మీదే ఆధారపడతాయి. ప్రైవేటు సంస్థలు ఈ తేదీని వెనక్కి జరపడం అరుదు. నాకు తెలిసిన ఒక క్లినిక్‌లో “అప్రూవ్డ్” అన్న ఈమెయిలు రాగానే కొత్త పిల్లల డాక్టరుకు అపాయింట్‌మెంట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎఫెక్టివ్ డేట్ ఉన్న ఉత్తరం తర్వాత వచ్చింది, అందులోని తేదీ రెండు వారాల తర్వాతిది. ఆ రెండు వారాల విజిట్లలో ఒక్కదానికీ డబ్బు రాలేదు. అందుకే ఉత్తరం చేతికి వచ్చి, అందులోని తేదీ చూసుకున్నాకే ఆ బీమా ఉన్న రోగులకు అపాయింట్‌మెంట్లు ఇవ్వాలి.

క్యాలెండరును వెనక నుంచి లెక్కించాలి

రెసిడెన్సీలు, ఫెలోషిప్పులు చాలావరకు జూన్ 30న ముగుస్తాయి. కొత్త డాక్టర్లు జులైలోనో ఆగస్టులోనో చేరతారు. అన్నీ సవ్యంగా సాగినా ఒక ప్రైవేటు బీమా సంస్థతో పని పూర్తవడానికి మూడు, నాలుగు నెలలు పట్టడం మామూలే. ఆగస్టులో చేరే డాక్టరు కాగితాలు మార్చిలోనే కదలాలి. లైసెన్సు దరఖాస్తు అంతకన్నా ముందే పెట్టాలి, ఎందుకంటే టెక్సాస్ లైసెన్సు నంబరు లేనిదే చాలా సంస్థలు ఫైలు తెరవవు.

హెచ్-1బీ మీద చేరే డాక్టర్ల విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం. బయటి నుంచి అమెరికాకు వచ్చిన ఉద్యోగికి అడుగుపెట్టిన 30 రోజుల్లోగా, ఇక్కడే ఉండి స్టేటస్ మారిన ఉద్యోగికి 60 రోజుల్లోగా జీతం మొదలుపెట్టాలన్నది నిబంధన. బీమా ప్యానెళ్లలో ఇంకా చేరలేదన్నది జీతం ఆపడానికి కారణం కాదు. కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా క్లినిక్ రాబడి లేని జీతం చెల్లిస్తుంది. ఈ లెక్క యజమానికి ముందే చూపిస్తే, కాగితాల పనికి కావలసిన సమయం, మనిషి సహాయం దొరుకుతాయి.

మొదటి అడుగు: గ్రూపు పునాది

కొత్తగా క్లినిక్ పెడుతున్నవారు డాక్టరు కాగితాల కన్నా ముందు క్లినిక్ కాగితాలు సిద్ధం చేసుకోవాలి. వైద్యులు కానివారు వైద్యులను ఉద్యోగులుగా పెట్టుకుని వైద్యం అందించే వ్యాపారం చేయడాన్ని టెక్సాస్ అనుమతించదు. అందువల్ల క్లినిక్ సాధారణంగా వైద్యుల యాజమాన్యంలో ప్రొఫెషనల్ అసోసియేషన్‌గానో, ప్రొఫెషనల్ లిమిటెడ్ లయబిలిటీ కంపెనీగానో ఉంటుంది. భార్యాభర్తల్లో ఒకరే డాక్టరైతే యాజమాన్యం కాగితాలు రాసేముందు ఈ విషయంలో తెలిసిన న్యాయవాదితో మాట్లాడుకోవాలి. తర్వాత మార్చాలంటే మెడికేర్ (పెద్ద వయసువారికి ఫెడరల్ ప్రభుత్వ బీమా) దాకా అన్నీ మార్చాల్సి వస్తుంది.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ట్యాక్స్ నంబరు ఇచ్చినప్పుడు పంపే సీపీ 575 ఉత్తరాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి. అది పోతే అడిగి తెప్పించుకునే ఉత్తరాన్ని 147సీ అంటారు. ఆ ఉత్తరంలో క్లినిక్ పేరు ఎలా ఉందో, ట్యాక్స్ నంబరు తెలిపే డబ్ల్యూ-9 ఫారంలోనూ, గ్రూపు ఎన్‌పీఐ (వైద్యులకు, క్లినిక్‌లకు ఇచ్చే జాతీయ గుర్తింపు సంఖ్య) నమోదులోనూ, బ్యాంకు ఖాతాలోనూ కామాతో సహా అలాగే ఉండాలి. గ్రూపుకు తీసుకునే ఎన్‌పీఐ రెండో రకానిది, డాక్టరు సొంత ఎన్‌పీఐ మొదటి రకానిది. రెండూ ఉచితమే. చిరునామా విషయంలోనూ ఇదే పట్టుదల కావాలి. ఒక చోట “స్వీట్ (Suite) 200” అనీ, ఇంకో చోట ఒట్టి “200” అనీ రాసినందుకు ఒక సంస్థ వ్యవస్థలో రెండు క్లినిక్‌లుగా నమోదై, చెల్లింపులు తప్పుడు ఖాతా కింద ఆగిపోవడం నేను చూశాను. తపాలా శాఖ గుర్తించే రూపంలో చిరునామా ఒకసారి ఖాయం చేసుకుని, ఒక కాగితం మీద రాసి, ప్రతి ఫారం నింపేటప్పుడు దానిలోంచే ఎక్కించాలి.

రెండో అడుగు: డాక్టరు దస్త్రం

టెక్సాస్ లైసెన్సు, నియంత్రిత మందులు రాయడానికి కావలసిన డీఈఏ నమోదు, మొదటి రకం ఎన్‌పీఐ, స్పెషాలిటీ బోర్డు ధ్రువపత్రం లేదా పరీక్షకు అర్హత ఉన్నట్టు రుజువు, మాల్‌ప్రాక్టీస్ బీమా (వైద్యంలో పొరపాటు జరిగిందన్న కేసుల నుంచి రక్షణ) ధ్రువపత్రం, నెలలతో సహా రాసిన తాజా సీవీ, రెసిడెన్సీ పూర్తయిన పత్రం, విదేశంలో చదివినవారికి వారి వైద్య అర్హతను ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ ధ్రువపత్రం ప్రతి సంస్థా అడుగుతుంది. ఇవన్నీ స్పష్టంగా స్కాన్ చేసి, ఫైలు పేరులోనే గడువు తేదీ రాసి ఒకే చోట పెట్టుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

డీఈఏ నమోదు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్‌లోనో మిషిగన్‌లోనో రెసిడెన్సీ చేసిన డాక్టరు అక్కడి చిరునామాతో ఉన్న డీఈఏను టెక్సాస్ చిరునామాకు మార్చుకోవాలి. మార్చుకోకపోతే పరిశీలనలో ఫైలు అక్కడే ఆగుతుంది. ఒకప్పుడు నియంత్రిత మందులకు టెక్సాస్ ప్రజా భద్రతా శాఖ దగ్గర వేరే నమోదు కావలసి వచ్చేది. 2016 సెప్టెంబరు 1 నుంచి అది రద్దయింది. పాత చెక్‌లిస్టులలో ఇంకా కనిపిస్తే దాని కోసం వెతకవద్దు.

మాల్‌ప్రాక్టీస్ ధ్రువపత్రం మీద డాక్టరు పేరు ఉండాలి, క్లినిక్ పేరు మాత్రమే ఉంటే సరిపోదు. పాలసీ మొదలయ్యే తేదీ ఉద్యోగంలో చేరే తేదీ అయినందువల్ల మార్చిలో అది చేతిలో ఉండదు. అప్పుడు బీమా కంపెనీ నుంచి, ఫలానా తేదీ నుంచి ఫలానా పరిమితులతో రక్షణ ఉంటుందన్న ముందస్తు పత్రం అడగాలి. పరిమితులు ఎంత ఉండాలో సంస్థ సంస్థకూ తేడా ఉంటుంది కాబట్టి పాలసీ కొనకముందే ముఖ్యమైన సంస్థల కనీస పరిమితిని తెలుసుకోవడం మంచిది. ఆసుపత్రిలో రోగులను చేర్చే హక్కు ఉందా అని కూడా అడుగుతారు. లేనివారు తమ రోగులను ఏ ఆసుపత్రిలో ఏ హాస్పిటలిస్టు (ఆసుపత్రిలో చేరిన రోగులనే చూసే డాక్టరు) బృందం చూసుకుంటుందో తెలిపే ఉత్తరం జతచేయాలి.

పేరు, కాలేజీ, మధ్యలో ఖాళీలు

మన రాష్ట్రాల నుంచి వచ్చిన డాక్టర్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి.

మొదట పేరు. ఎంబీబీఎస్ పట్టా మీద ఇంటిపేరు ముందు ఉండి, లేదా ఒట్టి పొడి అక్షరాలుగా ఉండి, ఆ తర్వాత సొంత పేరు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా విస్తరించి ఉంటుంది, కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. పెళ్లయ్యాక మారిన పేరు ఇంకొకటి. ఈ రూపాలన్నీ ఒకే మనిషివని మనకు చూడగానే తెలుస్తుంది, పత్రాలు సరిచూసే ఉద్యోగికి తెలియదు. టెక్సాస్ లైసెన్సు మీద ఉన్న పేరును ప్రామాణికంగా తీసుకుని, ఎన్‌పీఐ, డీఈఏ, మాల్‌ప్రాక్టీస్, సోషల్ సెక్యూరిటీ రికార్డు అన్నీ దానికి సరిపోయేట్టు సవరించుకోవాలి. పట్టా మీది పేరును మార్చలేము కనుక, దరఖాస్తులో ఇతర పేర్లు అడిగే చోట ఆ రూపాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయాలి. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. పెళ్లి ధ్రువపత్రమో, పేరు మార్పు పత్రమో ఉంటే ముందే జతచేస్తే ఒక ఉత్తర ప్రత్యుత్తరం తగ్గుతుంది.

తర్వాత చదువు. గుంటూరు, కాకినాడ, వరంగల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లు వైద్య కళాశాల పేరు అడిగితే ఒక చోట కాలేజీ పేరు, మరోచోట విశ్వవిద్యాలయం పేరు రాస్తుంటారు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరే కాలంతో మారింది. 1986లో స్థాపించిన దానికి తర్వాత ఎన్టీఆర్ పేరు చేరింది, 2022లో వైఎస్ఆర్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. 2022, 2024 మధ్య పట్టా తీసుకున్నవారి కాగితం మీద ఒక పేరు, ఇప్పటి వెబ్‌సైటులో మరో పేరు కనిపిస్తాయి. అంతకు ముందు తరంవారి పట్టాలు ఆంధ్ర, ఉస్మానియా వంటి సాధారణ విశ్వవిద్యాలయాల పేరు మీద ఉంటాయి. దీనికి పరిష్కారం ఒక్కటే: ఈసీఎఫ్‌ఎంజీ రికార్డులో కాలేజీ, విశ్వవిద్యాలయం పేర్లు ఎలా ఉన్నాయో, పట్టా తేదీ ఏ నెల, ఏ సంవత్సరమని ఉందో, అన్ని దరఖాస్తుల్లోనూ అదే రాయాలి. చివరి పరీక్షల నెలను కొందరు, హౌస్ సర్జన్సీ పూర్తయిన నెలను కొందరు రాస్తారు. రికార్డులో ఉన్న నెలే రాయాలి.

ఇక ఖాళీ కాలం. హౌస్ సర్జన్సీకీ అమెరికాలో రెసిడెన్సీకీ మధ్య ఏడాది, రెండేళ్లు గడవడం మన డాక్టర్లకు సర్వసాధారణం. యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష) చదువు, అబ్జర్వర్‌షిప్పులు, వీసా కోసం ఎదురుచూపు, ప్రసవం, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి కారణాలుంటాయి. బీమా సంస్థల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే ఎన్‌సీక్యూఏ ప్రమాణాల ప్రకారం గడిచిన ఐదేళ్ల పని చరిత్రలో ఆరు నెలలు దాటిన ఖాళీకి వివరణ ఉండాలి, ఏడాది దాటితే ఆ వివరణ లిఖితపూర్వకంగా ఉండాలి. ఇందులో దాచవలసినది, సిగ్గుపడవలసినది ఏమీ లేదు. “2021 మే నుంచి 2022 జూన్ వరకు భారతదేశంలో ఉండి యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలకు చదువుకున్నాను, 2022 జూలైలో రెసిడెన్సీలో చేరాను” అన్నంత సాదాగా, నెలలతో సహా రాస్తే సరిపోతుంది. సంవత్సరాలు మాత్రమే రాసిన సీవీ పంపితే ఖాళీ ఎంతో ఎవరికీ తెలియక ఫైలు వెనక్కి వస్తుంది.

శిక్షణలో ప్రొబేషన్, మాల్‌ప్రాక్టీస్ కేసు, లైసెన్సు మీద చర్య వంటివి ఉన్నాయా అని అడిగే ప్రశ్నలకు నిజమే చెప్పాలి. ఉంటే ఏం జరిగింది, ఎలా ముగిసింది అని ఒక పేజీలో రాసి ఇవ్వాలి. బీమా సంస్థలు ఇలాంటి కేసులు, చర్యలు నమోదయ్యే జాతీయ ప్రాక్టీషనర్ డేటా బ్యాంకును ఎలాగూ చూస్తాయి. జరిగిన ఘటన కన్నా దాన్ని “లేదు” అని రాయడమే డాక్టరుకు ఎక్కువ చేటు చేస్తుంది.

మూడో అడుగు: సీఏక్యూహెచ్, టెక్సాస్ ప్రామాణిక దరఖాస్తు

బీమా సంస్థలు డాక్టర్ల నుంచి ఒకే ప్రామాణిక దరఖాస్తును స్వీకరించాలని టెక్సాస్ బీమా చట్టం 1452వ అధ్యాయం చెబుతుంది. రాష్ట్ర బీమా శాఖ రూపొందించిన ఆ ఫారం ఎల్‌హెచ్‌ఎల్ 234. ఆచరణలో దీన్ని కాగితం మీద నింపేవారు తక్కువ. డాక్టర్ల వివరాలను ఒకే చోట ఉంచి బీమా సంస్థలకు అందించే సీఏక్యూహెచ్ పోర్టల్‌లో డాక్టరు వివరాలు నింపితే, టెక్సాస్ చిరునామా ఉన్నవారికి అదే సమాచారం ఈ ఫారం రూపంలో సంస్థలకు అందుతుంది.

వివరాలు నింపగానే పని అయిపోదు. పత్రాలు ఎక్కించాలి, ఏ బీమా సంస్థలు ఈ సమాచారం చూడవచ్చో అనుమతి ఇవ్వాలి, చివరికి డాక్టరు తానే చదివి ఇవన్నీ నిజమని అటెస్ట్ చేయాలి. ఆ తర్వాత ప్రతి 120 రోజులకు ఒకసారి మళ్లీ అటెస్ట్ చేయాలి. గడువు దాటితే సంస్థకు ఫైలు అసంపూర్తిగా కనిపిస్తుంది, చాలాసార్లు ఎవరూ ఫోను చేసి చెప్పరు. మరో గడియారం కూడా నడుస్తుంటుంది. ఎన్‌సీక్యూఏ గుర్తింపు ఉన్న బీమా సంస్థలకు, కమిటీ నిర్ణయానికి ముందు పత్రాలు ఎంత పాతవి కావచ్చో చెప్పే గడువును 2025 జూలై 1 నుంచి 180 రోజుల నుంచి 120 రోజులకు తగ్గించారు. కాబట్టి దరఖాస్తు మధ్యలో నిలిచిపోతే పరిశీలించిన పత్రాలనే మళ్లీ పరిశీలించవలసి వస్తుంది.

ఆఫీసు సిబ్బంది డాక్టరు తరఫున వివరాలు నింపవచ్చు. కానీ అటెస్ట్ చేసేముందు డాక్టరు గారిని పక్కన కూర్చోబెట్టి, తెర మీద ప్రతి పేజీ చూపించడం నా అలవాటు. అరగంట పడుతుంది. తాను ఎప్పుడో పనిచేసి వదిలేసిన మూన్‌లైటింగ్ (శిక్షణలో ఉండగా అదనంగా చేసే పని) క్లినిక్ ఒకటి డాక్టరుకు అప్పుడే గుర్తుకొస్తుంది.

నాలుగో అడుగు: మెడికేర్

టెక్సాస్‌లో డాక్టర్ల సేవలకు చెల్లించే మెడికేర్ పార్ట్ బీ నమోదులను, మెడికేర్ తరఫున, నొవిటాస్ సొల్యూషన్స్ అనే కంపెనీ చూస్తుంది. దరఖాస్తు మెడికేర్ నమోదు పోర్టల్ అయిన పీకోస్ ద్వారా చేయడం మేలు. గ్రూపు నమోదుకు సీఎంఎస్-855బీ ఫారం, డాక్టరు నమోదుకు 855ఐ ఫారం వాడతారు. డాక్టరు చెల్లింపు హక్కును గ్రూపుకు బదలాయించడానికి ఒకప్పుడు 855ఆర్ వేరుగా ఉండేది, ఇప్పుడది 855ఐలో కలిసిపోయింది. చెల్లింపులు బ్యాంకులో పడటానికి సీఎంఎస్-588 కూడా కావాలి. ఈ నమోదుకు డాక్టర్లు రుసుము చెల్లించనక్కర లేదు.

ప్రైవేటు సంస్థలతో పోలిస్తే మెడికేర్ తేదీ లెక్క డాక్టరుకు అనుకూలంగా ఉంటుంది. ఆమోదం పొందిన దరఖాస్తు అందిన తేదీ, ఆ చిరునామాలో పని మొదలుపెట్టిన తేదీ, ఈ రెంటిలో ఏది తర్వాతిదైతే అది ఎఫెక్టివ్ డేట్ అవుతుంది. అక్కడి నుంచి 30 రోజుల వెనకటి సేవలకు కూడా బిల్లు వేయవచ్చు. పని మొదలయ్యే తేదీకి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పంపవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నొవిటాస్ అదనపు వివరం అడిగితే 30 రోజుల్లోగా జవాబివ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు, దానితో మొదట అందిన తేదీ కూడా పోతుంది. ఆ ఈమెయిలు దరఖాస్తులో ఇచ్చిన చిరునామాకే వస్తుంది కనుక, ఉద్యోగం మానేసిన మేనేజరు ఈమెయిలు అక్కడ లేకుండా చూసుకోవాలి.

మెడికేర్‌లో చేరినంత మాత్రాన మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు కలిసి రావు. అవి ప్రైవేటు సంస్థలవి, వాటితో వేరే కాంట్రాక్టు కావాలి. పెద్ద వయసు తల్లిదండ్రులు ఎక్కువగా వచ్చే క్లినిక్‌లలో ఈ తేడా రిసెప్షన్‌లో కూర్చునేవారికి కూడా తెలియాలి.

ఐదో అడుగు: మెడికెయిడ్

పిల్లల వైద్యులకు, ప్రసూతి వైద్యులకు తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడే ప్రధానం కావచ్చు. ఇందులో చేరడం రెండు దశల్లో సాగుతుంది, వరుస మారితే పని జరగదు. ముందు రాష్ట్ర మెడికెయిడ్ తరఫున టీఎంహెచ్‌పీ నడిపే పెమ్స్ అనే నమోదు పోర్టల్‌లో రాష్ట్ర నమోదు పూర్తి కావాలి. ఆ తర్వాతే స్టార్, స్టార్ ప్లస్, స్టార్ కిడ్స్, చిప్ పథకాలను రాష్ట్రం తరఫున నడిపే బీమా సంస్థలతో (వీటిని మేనేజ్డ్ కేర్ సంస్థలంటారు) క్రెడెన్షియలింగ్, కాంట్రాక్టు సాగుతాయి. ఈ సంస్థలన్నీ కలిసి 2018 నుంచి అర్హతల పరిశీలనను ఒకే సంస్థకు అప్పగించాయి, ఇప్పుడు ఆ పని వెరిసిస్ పేరు మీద జరుగుతోంది. పరిశీలన ఒకసారే అయినా నిర్ణయం ఏ సంస్థకు ఆ సంస్థదే, కాంట్రాక్టు కూడా అంతే. దరఖాస్తు పూర్తిగా అందాక 90 రోజుల్లోగా సంస్థలు ఈ పని ముగించాలని రాష్ట్ర కాంట్రాక్టులో ఉంది. అందువల్ల “పూర్తి దరఖాస్తు అందింది” అన్న మాటను ఈమెయిలులో తీసుకుని దాచుకోవాలి.

టెక్సాస్ ఈ పథకాలను సర్వీస్ ఏరియాలుగా విభజించింది, ఒక్కో ఏరియాలో వేర్వేరు సంస్థలు పనిచేస్తాయి. కాలిన్ కౌంటీ డాలస్ ఏరియాలోకీ, డెంటన్ కౌంటీ టారెంట్ ఏరియాలోకీ వస్తాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే ఫ్రిస్కో ఊరు రెండు కౌంటీల్లోనూ విస్తరించి ఉంది. అక్కడి క్లినిక్‌కు వచ్చే పిల్లలు రెండు ఏరియాల ప్లాన్లలో ఉంటారు కనుక, ఒక ఏరియా సంస్థలతోనే సరిపెట్టుకుంటే వీధి అవతలి పిల్లలను చూడలేని పరిస్థితి వస్తుంది.

ఆరో అడుగు: ప్రైవేటు సంస్థలు

బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ ఆఫ్ టెక్సాస్, యునైటెడ్, ఏట్నా, సిగ్నా, హ్యూమనా వంటి సంస్థల్లో ఏవి ముందు అన్నది ఊరిని బట్టి తేల్చుకోవాలి. చుట్టుపక్కల పెద్ద కంపెనీలు, పాఠశాల జిల్లాలు తమ ఉద్యోగులకు ఏ బీమా ఇస్తున్నాయో కనుక్కుంటే చాలు. అన్నింటికీ ఒకేసారి పంపి ఏదీ వెంటపడి అడగలేకపోవడం కన్నా, ముఖ్యమైన నాలుగైదింటిని ముందు పూర్తి చేయడం మంచిదన్నది నా అనుభవం.

కొత్త గ్రూపు అయితే మొదట నెట్‌వర్క్‌లో చేరాలన్న కోరికను సంస్థ పోర్టల్‌లో తెలపాలి. ఆ ప్రాంతంలో ఆ స్పెషాలిటీకి ప్యానెల్ నిండిందన్న జవాబు రావచ్చు. అక్కడితో ఆగనవసరం లేదు. తెలుగు, హిందీ మాట్లాడే డాక్టరు, సాయంత్రం వేళలు, శనివారం క్లినిక్, దగ్గర్లో కొత్త రోగులను తీసుకోని పాత క్లినిక్‌లు వంటి నిజమైన కారణాలతో ప్రాంతీయ ప్రతినిధికి ఒక పేజీ ఉత్తరం రాస్తే నిర్ణయం మారిన సందర్భాలున్నాయి. మారకపోతే, కాంట్రాక్టులున్న స్వతంత్ర వైద్యుల సంఘంలో చేరడం మరో దారి.

కాంట్రాక్టు వచ్చాక తొందరపడి సంతకం పెట్టవద్దు. మీరు ఎక్కువగా వాడే ఇరవై, ఇరవై ఐదు సేవల కోడ్లకు ఎంత చెల్లిస్తారో లిఖితపూర్వకంగా అడగండి. ఫీజుల వివరం అడిగి తెలుసుకునే హక్కు టెక్సాస్ చట్టం ప్రకారం డాక్టరుకు ఉంది. రేటు మెడికేర్ రేటులో ఫలానా శాతమని రాసి ఉంటే, ఏ సంవత్సరపు మెడికేర్ రేటో చూడాలి. పాత సంవత్సరం దగ్గర ఆగిపోయిన రేటు మీద నూటపది శాతమన్నా పెద్ద లాభం ఉండకపోవచ్చు.

ఉన్న గ్రూపులో చేరే డాక్టరుకు ఒక చట్టబద్ధమైన వెసులుబాటు

1452వ అధ్యాయంలోనే త్వరిత క్రెడెన్షియలింగ్ నిబంధన ఉంది. ఇది చాలా క్లినిక్‌లకు తెలియదు, తెలిసినవారూ అడగరు. సంస్థతో ఇప్పటికే కాంట్రాక్టు ఉన్న వైద్య గ్రూపులో డాక్టరు చేరుతూ, టెక్సాస్ లైసెన్సు సక్రమంగా ఉండి, కావలసిన కాగితాలన్నీ సమర్పించి, గ్రూపు కాంట్రాక్టు షరతులకు ఒప్పుకుంటే, పరిశీలన సాగుతున్న కాలంలో చెల్లింపు విషయంలో ఆయనను నెట్‌వర్క్ డాక్టరుగానే చూడాలి. ఆ సమయంలో ఆయన పేరును డైరెక్టరీలో పెట్టకుండా ఉండే వీలు సంస్థకు ఉంది. చివరికి అర్హత లేదని తేలితే, నెట్‌వర్క్ రేటుకూ బయటి రేటుకూ ఉన్న తేడాను సంస్థ వెనక్కి తీసుకోవచ్చు, ఆ భారాన్ని రోగి మీద వేయకూడదు. దరఖాస్తుతో పాటు ఈ నిబంధన కింద పరిగణించమని స్పష్టంగా కోరుతూ ఉత్తరం జతచేయాలి. రాష్ట్ర చట్టం వర్తించని ప్లాన్లు ఉంటాయి కనుక, సంస్థ ఏ ప్లాన్లకు దీన్ని ఒప్పుకుంటోందో కూడా రాసి తీసుకోవాలి.

ఏడో అడుగు: వెంటపడటం, తేదీ ఖాయం చేసుకోవడం

పంపిన దరఖాస్తు గురించి రెండు వారాలకోసారి అడగాలి. ఫోను చేసిన తేదీ, మాట్లాడిన వ్యక్తి పేరు, రిఫరెన్సు నంబరు, చెప్పిన మాట ఒక పట్టికలో రాసుకోవాలి. “ప్రాసెస్‌లో ఉంది” అన్న జవాబుతో ఫోను పెట్టేయకుండా, దరఖాస్తు పూర్తిగా ఉందా, పరిశీలనలో ఉందా, కమిటీకి వెళ్లిందా, లోడింగ్‌లో ఉందా అని విడివిడిగా అడగాలి. చాలా సంస్థల్లో కమిటీ నెలకోసారి కూర్చుంటుంది, కనుక ఒక్క కాగితం లోపిస్తే నెల పోతుంది.

ఎఫెక్టివ్ డేట్ ఉత్తరం వచ్చాక సంస్థ పోర్టల్‌లో డాక్టరు పేరు, ఎన్‌పీఐ, గ్రూపు ట్యాక్స్ నంబరు, చిరునామా, స్పెషాలిటీ, ఏయే ప్లాన్లు అన్నవి చూడాలి. తర్వాత ఒకటి, రెండు క్లెయిములు మాత్రమే పంపి, అవి నెట్‌వర్క్ రేటుకు చెల్లించబడ్డాయని తేలాకే మిగతావి పంపాలి. అయితే ఈ ఎదురుచూపుకు హద్దు ఉంది. టెక్సాస్ చట్టం కిందికి వచ్చే ప్లాన్లకు సేవ చేసిన రోజు నుంచి 95 రోజుల్లోగా క్లెయిము పంపాలి. లోడింగ్ తప్పు సరిదిద్దే వరకు క్లెయిములు ఆపి ఉంచితే ఆ గడువు దాటిపోతుంది. ఒక తేదీ పెట్టుకుని, ఆలోగా తప్పు సరిపడినా లేకపోయినా పంపేసి, తర్వాత పునఃపరిశీలన కోరాలి.

చేరిన తర్వాత

బీమా సంస్థలు 36 నెలలకోసారి మళ్లీ పరిశీలిస్తాయి. మెడికేర్, టెక్సాస్ మెడికెయిడ్ డాక్టర్లకు ఐదేళ్లకోసారి తిరిగి నమోదు అడుగుతాయి. డీఈఏ మూడేళ్లకు, టెక్సాస్ లైసెన్సు రెండేళ్లకు, మాల్‌ప్రాక్టీస్ ఏటా పునరుద్ధరించుకోవాలి. కొత్త పత్రం వచ్చిన రోజే సీఏక్యూహెచ్‌లో ఎక్కించాలి. డైరెక్టరీలో వివరాలు సరిగ్గా ఉన్నాయా అని ఫెడరల్ చట్టం ప్రకారం సంస్థలు 90 రోజులకోసారి అడుగుతాయి. జవాబివ్వకపోతే పేరును డైరెక్టరీ నుంచి తీసేయవచ్చు. క్లినిక్ కొత్త చిరునామాకు మారితే ఎన్‌పీఐ నమోదులోనూ, మెడికేర్‌కూ 30 రోజుల్లోగా తెలపాలి.

డాక్టరు ఒక గ్రూపు వదిలి మరో చోటికి వెళ్లేటప్పుడు కూడా కాగితాల పని ఉంటుంది. పాత గ్రూపు మెడికేర్‌లో చెల్లింపు హక్కు బదలాయింపును ముగించి, ప్రతి సంస్థకూ ఆఖరి పనిదినాన్ని తెలపాలి. సీఏక్యూహెచ్ ఖాతా, ఎన్‌పీఐ ఖాతా డాక్టరు సొంతం కనుక వాటి లాగిన్లు, రికవరీ ఈమెయిళ్లు ఆఫీసు మేనేజరు పేరు మీద ఉంటే వాటిని డాక్టరు ఈమెయిలుకు మార్చి, ఆఖరి పనిదినానికి ముందే అప్పగించాలి.